కుప్పయ్య కుర్చీ

తిరుపతి మైదానం పడమటి గోడకు నీలిరంగు పలక ఒకటి ఉండేది. జిల్లా ఫుట్‌బాల్ లీగులో అత్యధిక గోల్సు కొట్టినవాడు పి. కుప్పయ్య అనీ, ఆ గోల్సు నూట పన్నెండనీ దాని మీద తెల్లని అక్షరాలతో రాసి పద్నాలుగేళ్ళయింది. 1978 ఫిబ్రవరి చివర, సెమీఫైనల్ ముగిసిన సాయంత్రం, ఆ పేరు కింద మరొక పేరు చేర్చవలసి వచ్చింది. చిత్తూరు వరదరాజ చక్కెర మిల్లు జట్టుకు సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడే ఏకాంబరం ఆనాడు తన నూట పన్నెండవ గోలు కొట్టాడు. ఫైనల్లో అతడు ఇంకొకటి కొడితే కుప్పయ్య పేరే చెరిపివేయవలసి ఉంటుంది కనుక, ఒకే పలకకు రెండుసార్లు రంగు వేయించడం అవివేకమని సంఘం వారు తీర్మానించారు. ఏకాంబరం పేరు పలక ఎక్కలేదు.

పలక కింద, సరిగ్గా మధ్యగీతకు ఎదురుగా, చేతులున్న టేకు కుర్చీ ఒకటి వేసేవారు. అది రికార్డు ఉన్నవాడి కుర్చీ. పెద్ద అధికారులెవరు వచ్చినా వారికి పక్కన ఇనుప కుర్చీలే. కుప్పయ్య పుత్తూరులో పుట్టినవాడు. ఆట మానేసిన తరువాత ఒక ప్రైవేటు బస్సు కంపెనీలో టికెట్లు తనిఖీ చేసి, ఆ పనీ పోయి, యాభై నాలుగేళ్ళ వయసులో ఏ పనీ లేక ఉన్నాడు. అయినా మైదానం చుట్టుపక్కల హోటళ్ళలో అతడి ముందు కాఫీ గ్లాసు అడగకుండానే వచ్చి వాలేది. స్కూళ్ళ ఆటల పోటీలకు బహుమతులివ్వడానికి అతణ్ణే పిలిచేవారు. ఆ కుర్చీ లేకపోతే కుప్పయ్య ఎవరనే ప్రశ్నకు కుప్పయ్య దగ్గర కూడా సమాధానం లేదు.

ఏకాంబరానికి ఆ కుర్చీతో ఇంకొక అవసరం ఉంది. వరదరాజ మిల్లు తన ఆటగాళ్ళను చెరకు గానుగాడే కాలానికి మాత్రమే కూలీలుగా తీసుకునేది; కార్తీకంలో పిలిచేది, ఎండలు ముదిరాక పంపివేసేది. పదహారేళ్ళుగా ఏకాంబరం ప్రతి సంవత్సరమూ ఉద్యోగంలో చేరి, ప్రతి సంవత్సరమూ ఉద్యోగం పోగొట్టుకుంటూ వచ్చాడు. సెమీఫైనల్ అయిన రాత్రి మిల్లు జనరల్ మేనేజరు అతణ్ణి బంగళాకు పిలిపించి, వరండాలో నిలబెట్టే మాట్లాడాడు.

"జిల్లా రికార్డు పెట్టుకున్నోణ్ణి సీజన్ కూలీ అనిపిస్తే మిల్లుకే నామర్దా. ఫైనల్లో ఆ ఒక్క గోలు కొట్టు. పర్మనెంటు ఆర్డరు మైదానంలోనే నీ చేతికిస్తా."

"కొడతా సార్."

"కొట్టకుంటే కూడా ఇప్పుడే చెప్తున్నా, తర్వాత నా కాళ్ళమీద పడొద్దు. ముప్పై తొమ్మిదేళ్ళోణ్ణి వచ్చే సీజన్‌కి తీసుకోను. గోలుంటే ఉద్యోగం. లేకుంటే ఈ ఏటితో సరి."

ఏకాంబరం తల ఊపి, మెట్లు దిగేటప్పుడు కుడికాలు జాగ్రత్తగా పెట్టాడు. ఆ సాయంత్రం బంతిని గోల్లోకి నెట్టిన ఊపులోనే అతడి కాలు గోలుకొయ్యకు తగిలింది. సంతోషంలో అప్పటికి నొప్పి తెలియలేదు. తెల్లవారేసరికి మోకాలికీ మడమకూ మధ్య వాచి, చర్మం నిగనిగలాడింది.

మిల్లు డాక్టరు దగ్గరకు వెళితే కబురు మధ్యాహ్నానికల్లా మేనేజరుకు చేరుతుంది. అందుచేత అతడు తిరుత్తణికి మొక్కు తీర్చుకోవడానికి పోతున్నానని చెప్పి, భార్య దేవకమ్మను వెంటబెట్టుకుని పుత్తూరు బస్సెక్కాడు. అక్కడ కట్టుకట్టే పెద్దాయన రెండు వేళ్ళతో కాలంతా తడిమి, ఒకచోట ఆగి, ఏకాంబరం ముఖం వంక చూశాడు.

"సన్నెముక సిట్లింది. లావెముక బాగుండాది కాబట్టి నడిసినావు. నలభై దినాలు నేలమింద బరువు మోపొద్దు."

"ఇరవై దినాలకు ఫైనల్ మ్యాచి ఉండాది సామీ."

"అట్లయితే కట్టు నాకాడ ఎందుకు? పొయ్యి ఆ బంతికే కట్టించుకో."

అయినా ఆయన కట్టాడు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన కలిపి తడిపిన బట్టను కాలికి చుట్టి, పైన వెదురు బద్దలు పేర్చి, మళ్ళీ బట్ట చుట్టి బిగించాడు. పుత్తూరు కట్టుకు ఒక వాసన ఉంటుంది. పచ్చి ఆకు వాసనా, మురిగిన గుడ్డు వాసనా కలిసి, రోజులు గడిచినకొద్దీ గట్టిపడి, మనిషి కన్నా ముందు గదిలోకి వచ్చే వాసన. ఆ ఊళ్ళో పెరిగినవారికి అది తల్లి కొంగు వాసన అంత బాగా తెలుసు.

అబద్ధం అతికినట్టుండాలి కనుక ఏకాంబరం పుత్తూరు నుంచి నిజంగానే తిరుత్తణికి పోయి, ఒంటికాలి మీద మెట్లెక్కి, గుండు చేయించుకుని వచ్చాడు. మెట్ల దగ్గర ఎండ తగిలి జ్వరం పట్టుకున్నదని చెప్పి సాధనకు వెళ్ళకుండా ఇంటిపట్టున ఉండిపోయాడు. గుండు చూసినవారంతా నమ్మారు.

ఫైనల్ రోజు పొద్దున అతడు కొడవలి మొనతో పై కట్టు కోసి, వెదురు బద్దలు తీసివేశాడు. లోపలి బట్టను మాత్రం తీయలేదు. ఎముక కుదురుకోకముందే బట్ట విప్పితే ఎముక జరుగుతుందని పుత్తూరువారి నమ్మకం. ఏకాంబరానికీ అదే నమ్మకం. బట్ట మీదనే పొడుగు మేజోడు లాక్కున్నాడు. దేవకమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"బస్సుస్టాండు దాకా వస్తాది ఈ కంపు. కనుక్కోరా?"

"సాంబ్రాణి పెట్టు."

"కాలికా?"

"కాలికే. నీ తలకు పెట్టుకోవా తలంటుకున్నప్పుడు? అట్లనే పెట్టు."

ఆమె నిప్పులమీద సాంబ్రాణి చల్లి, బుట్ట బోర్లించి, దానిమీద అతడి కాలు పెట్టించింది. పొగ మేజోడుకు పట్టేదాకా ఆమె నిప్పులు విసురుతూ కూర్చుంది.

"ఏమయ్యా, ఇంగ ఇరవై దినాలు ఓపిక పడితే కాలు మిగులుతాది. అది పోతే ఇంకోటి మొలవదు గదా."

"కాలు మిగిలి ఏం జేస్తాది? నన్ను మోసుకుని మిల్లుగేటు కాడికి పోతాది. గేటు తీసేదెవురు?" అన్నాడు ఏకాంబరం. ఆమె బుట్ట తీసి అవతల పెట్టింది.

మిల్లు లారీలో జట్టు పూతలపట్టు మీదుగా తిరుపతి చేరేసరికి మైదానం నిండిపోయింది. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లారు. నూట పదమూడవ గోలు చూడడానికి వచ్చినవారు గోడలెక్కి కూర్చున్నారు. గుండుతో లారీ దిగిన ఏకాంబరాన్ని చూసి ఒక మూల నుంచి గోల మొదలైంది.

"ఏమన్నా, బంతి యాడ? నీ తలకాయ యాడ? తేడా తెలీలేదే!"

"సూసి తన్నండప్పా, గుండు గోల్లోకి పొయ్యేను!"

ఏకాంబరం నవ్వుతూ చెయ్యి ఊపాడు. కుంటకుండా నడవడమే అతడి ధ్యాస. అయితే ఆట ఆరంభం కావడానికి ముందు అతడు దాటవలసిన ఘట్టం ఇంకొకటి ఉంది. జిల్లా లీగులో ఒక ఆచారం ఉండేది. రికార్డును దాటబోయే ఆటగాడి బూటుకు, రికార్డున్నవాడు అందరిముందూ తన చేతులతో లేసు ముడివేయాలి. కుప్పయ్య తన కన్నా ముందటివాణ్ణి దాటిన రోజున ఆ పెద్దమనిషి మోకాలిమీద కూర్చుని కుప్పయ్య కుడి బూటుకు ముడివేశాడు. ఆ సంగతి కుప్పయ్యే వందసార్లు కుర్చీలో కూర్చుని చెప్పి ఉంటాడు.

ఏకాంబరం ఈ గండం తప్పించుకోవాలని బూటు లేసు లారీలోనే గట్టిగా కట్టుకుని దిగాడు. కుప్పయ్య కుర్చీలోంచి లేచి వచ్చి, దానిని చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇదేందప్పా, నాకు పని లేకుండా జేసుకుని వస్తివి? పద్నాలుగేండ్లు కాసుకోనుండా ఈ ముడి కోసరం. కూర్చో."

"నీలాంటి పెద్దోడు నా కాలు పట్టుకునేది బాగుండదన్నా. నేనే నీకు మొక్కతా."

"జనం సూస్తా ఉండారు. కూర్చో."

అతణ్ణి తన కుర్చీలోనే కూర్చోబెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. కుప్పయ్య నేలమీద మోకాలు ఆనించి, కుడి బూటు ముడి విప్పి, వంగాడు. ముందుగా సాంబ్రాణి వాసన వచ్చింది. అతడు నవ్వాడు. "ఏం, ఆట అయినాక తాంబూలాలు గూడా ఉండాయా?" అన్నాడు. ఆ నవ్వు ముగిసేలోగా, సాంబ్రాణి అడుగున దాగి ఉన్నది అతడి ముక్కుకు చేరింది. కుప్పయ్య చేతులు ఒక క్షణం ఆగాయి. చిన్నప్పుడు అతడి ఇల్లు కట్టుకట్టే కొట్టాలకు ఎదురుగా ఉండేది.

అతడు పైకి చూడలేదు. లేసు నిదానంగా కన్నాల్లోంచి లాగి సరిచేస్తూ, మేజోడు ముడతలు సర్దుతున్నట్టు బొటనవేలితో కాలి పక్కన అక్కడక్కడ నొక్కుతూ వచ్చాడు. ఒకచోట నొక్కినప్పుడు ఏకాంబరం కుర్చీ చేతులను పట్టుకున్నాడు. కుప్పయ్య అక్కడే ఇంకొకసారి నొక్కి, ముడి బిగించి, లేచి, ఆ గుండుమీద చెయ్యిపెట్టి దీవించాడు.

"నూరేండ్లు ఆడప్పా," అన్నాడు.

ఏకాంబరం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నొప్పివని జనానికి తెలియదు. రెండు తరాల గౌరవం చూశామని కొందరు ముక్కులు చీదుకున్నారు.

కుప్పయ్య మంచినీళ్ళ కోసమన్నట్టు ఎదుటి జట్టు గుడారానికి నడిచాడు. తిరుపతి సప్తగిరి జట్టులో ఏకాంబరాన్ని కాపు కాయవలసిన ఫుల్ బ్యాక్ జయరామ్ అక్కడ నిమ్మకాయ చెక్క చప్పరిస్తున్నాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, మోటుగా ఆడతాడని పేరు.

"వాడి కుడికాలు సూసుకో," అన్నాడు కుప్పయ్య, కుండలోంచి నీళ్ళు ముంచుకుంటూ.

"ఏముండాదన్నా ఆడ?"

"పుత్తూరు ఉండాది."

జయరామ్ నిమ్మచెక్క ఉమ్మివేసి, అర్థం చేసుకుని, దూరాన ఉన్న ఏకాంబరం కాళ్ళవంక చూశాడు. కుప్పయ్య నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

ఆట మొదటి సగంలో ఏకాంబరం ఎక్కువ పరుగెత్తలేదు. పరుగెత్తవలసిన అవసరం లేని చోట్లను వెతుక్కుని నిలబడ్డాడు. ఆ విద్య అతడికి పదహారేళ్ళలో బాగా పట్టుబడింది. మిల్లు జట్టులో ఇరవై రెండేళ్ళ మునికృష్ణ మెరికలాంటివాడు. అతణ్ణి తమ వీధి లోంచి తీసుకువచ్చి మిల్లులో చేర్పించినదీ, మొదటి బూట్లు ఇచ్చినదీ ఏకాంబరమే. బంతి తన కాలికి వచ్చినప్పుడల్లా మునికృష్ణ తల ఎత్తి గుండు ఎక్కడుందో చూసి అటు పంపేవాడు. ప్రతిసారీ జయరామ్ ముందే అక్కడ ఉండేవాడు.

"ఏందన్నా ఈ కంపు?" అన్నాడు జయరామ్ మొదటిసారి, భుజం భుజానికి రాస్తూ. "పొద్దున గుడ్లు తిన్నావా, గుడ్లు పెట్టినావా?"

ఏకాంబరం ఇంకొక చోటికి జరిగాడు. జయరామ్ వెంటే వచ్చాడు.

"కాలు ఎండ తగిలితే ఇంగా కంపు కొడతాదన్నా. ఇంటికి పో. వదిన ఇసిరిపెడతాది."

రెండవసారి వాడు బంతిని వదిలి పిక్కమీద తన్నాడు. రిఫరీ అటు తిరిగి ఉన్నాడు. మూడవసారి అనవసరంగా బూటు మొనతో, ఎవరూ గమనించనంత చిన్నగా పొడిచాడు. ఏకాంబరం పెదవి కొరుక్కుని, లేసు కట్టుకుంటున్నట్టు వంగి కూర్చుని, మళ్ళీ లేచాడు. హాఫ్ టైంలో మునికృష్ణ అతడి పక్కన కూర్చుని, చప్పున వెనక్కి జరిగాడు.

"అన్నా, కట్టు ఉండాదా నీకు?"

"మెల్లగా మాట్లాడు."

"మేనేజరుకు చెప్పి దిగిపో అన్నా. నేను చూసుకుంటా."

"చెప్తివంటే నిన్ను ఈడనే పూడుస్తా. ఒక్క బంతి ఇయ్యి నాకు, గోలుకాడ. ఒక్కటి. మిగిలినవన్నీ నువ్వే తన్నుకో."

మునికృష్ణ నారింజ తొన నోట్లో వేసుకుని, సరేనన్నట్టు చూశాడు.

రెండవ సగంలో రెండు జట్లూ చెరొక గోలు కొట్టాయి. ఏదీ ఏకాంబరానిది కాదు. ఆట ఇక ముగుస్తుందనగా మునికృష్ణ కుడివైపు నుంచి ఇద్దరిని తప్పించుకుని వచ్చి, గోలు ఎదుటి పెనాల్టీ ప్రాంతంలోకి, సరిగ్గా ఏకాంబరం ముందుకు బంతిని జార్చాడు. అడిగినది ఇటువంటి బంతినే. ఏకాంబరం కాలు ఎత్తాడు. జయరామ్ పక్కనుంచి రెండు కాళ్ళూ చాపి జారుతూ వచ్చాడు. బంతిని అతడు కనీసం చూడలేదు.

ఎండుకట్టె విరిగినట్టు చిన్న చప్పుడయింది. దగ్గరున్న నలుగురైదుగురికే అది వినిపించింది. రిఫరీ ఈల ఊది పెనాల్టీ చుక్క చూపించాడు.

మైదానమంతా లేచి నిలబడింది. పెనాల్టీ అంటే గోలుకు పన్నెండు గజాల దూరం, మధ్య ఒక్క గోల్ కీపరు. ఎవరు కొట్టినా గోలవుతుంది. నేలమీద పడి ఉన్న ఏకాంబరం మీదికి మునికృష్ణ వంగాడు.

"అన్నా, నువ్వు లెయ్యలేవు. నేను కొడతా."

"ముట్టొద్దు రా దాన్ని."

"కాలు సూడు ఎట్లుండాదో..."

అప్పుడు మధ్యగీత దగ్గర కుప్పయ్య కుర్చీలోంచి లేచి రెండు చేతులూ పైకెత్తాడు.

"ఏకాంబరమే కొట్టాల! అది వాడి హక్కు! వాడే కొట్టాల!"

తన రికార్డు తానే ఇంత నిండుమనసుతో ధారపోస్తున్న మనిషిని జనం అంతవరకు చూడలేదు. ఒక్కసారిగా కేకలు లేచాయి. "కుప్పయ్యన్న మనసు సూడప్పా!" అన్నారు గోడమీదివారు. "గుండన్నా, లెయ్! గుండన్నా, లెయ్!" అని ఒక వైపు నుంచి లయగా అరుపు బయలుదేరి మైదానం చుట్టూ తిరిగింది. మిల్లు మేనేజరు కూడా చెయ్యి ఊపి లెమ్మన్నాడు. చూసేవారిలో కుప్పయ్య ఒక్కడికే, ఆ చప్పుడు వినకపోయినా, విరిగినదేమిటో తెలుసు.

ఏకాంబరం మునికృష్ణ భుజం పట్టుకుని లేచాడు. ఎడమకాలితో కొట్టాలంటే బరువంతా కుడికాలి మీద మోపాలి. అది జరిగేపని కాదు. ఎడమకాలి మీద నిలబడి, కుడిపాదాన్ని ఊపి బంతిని నెట్టడమొకటే మిగిలింది. బంతిని చుక్కమీద పెట్టించుకున్నాడు.

సప్తగిరి గోల్ కీపరు తిరుమలయ్య ఒకప్పుడు మిల్లు జట్టులోనే తొమ్మిది సీజన్లు ఆడినవాడు; ఏకాంబరంతో ఒకే గదిలో ఉన్నవాడు. బంతిని సరిచూసే నెపంతో ముందుకు వచ్చి, కిందికి చూస్తూ మాట్లాడాడు.

"నీ ఎడమ పక్కకు నెట్టు. నేను రెండో పక్క పడతా. నెట్టితే సాలు."

ఏకాంబరం కళ్ళు మూసి తెరిచాడు. తిరుమలయ్య వెనక్కి నడిచి, ప్రతి గోల్ కీపరూ చేసినట్టే, మడమలతో గీత ముందు మట్టిని గీరి నిలబడ్డాడు. ఆ సాయంత్రమంతా అట్లా గీరి గీరి అక్కడ దోసిలంత గుంట పడింది.

ఈల మోగింది. ఏకాంబరం కుడికాలు ఊపాడు. పాదం బంతికి తగిలిన క్షణంలో అతడి నోటినుంచి వచ్చిన అరుపును మనిషి అరుపని గుర్తుపట్టడం కష్టం. అతడు వెనక్కి పడిపోయాడు. తిరుమలయ్య ఇచ్చిన మాట ప్రకారం రెండవ పక్కకు దూకి, లేవవలసిన అవసరం రాకుండా ముఖం మట్టిలో పెట్టుకుని పడుకున్నాడు. గోలు పూర్తిగా ఖాళీ. బంతి నెమ్మదిగా, తడిసిన నేలమీద, దారి వెతుక్కుంటున్నట్టు దొర్లింది. గీతకు జానెడు దూరంలో తిరుమలయ్య మడమలు తవ్విన గుంటలోకి దిగి, ఒకసారి ఊగి, ఆగింది.

 గోడమీద ఎవరో ఒకడు నవ్వాడు. ఆ నవ్వు పక్కవాడికి, అతడి పక్కవాడికి అంటుకుని, మైదానమంతా నవ్వింది.

ఏకాంబరం మోచేతులమీద లేచి చూశాడు. కొట్టినవాడు మరొకరు ముట్టేదాకా ఆ బంతిని మళ్ళీ ముట్టకూడదు; ముట్టవచ్చునన్నా అతడు అక్కడిదాకా పాకలేడు. తెప్పరిల్లిన జయరామ్ బంతిని అవతలికి తన్నడానికి పరుగు తీశాడు. అది చూసి మునికృష్ణా పరుగెత్తాడు. ఒక్క అడుగు ముందుగా చేరి, బంతిని గోల్లోకి పొడిచాడు. వల కదిలింది.

రిఫరీకి ఆ ఆఖరి క్షణం సరిగా కనబడలేదు. జయరామ్ అడ్డం వచ్చాడు. ఆయన మునికృష్ణ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు తన్నేముందే గీత దాటిందా? చెప్పు, రాసుకోవాలి."

ఏకాంబరం పడి ఉన్నచోటినుంచి అరిచాడు. "దాటింది గదా మునికృష్ణా! దాటినాకే గదా నువ్వు తన్నినావు? చెప్పు నాయనా!"

జయరామ్‌కు అభ్యంతరం లేదు. ఎవరిదయినా గోలు గోలే. తిరుమలయ్య మట్టి అంటిన ముఖం ఎత్తి, అవునన్నట్టు తల ఊపాడు. ఒక్క మాట చాలు. అబద్ధమే కావచ్చు, అడ్డుచెప్పేవారు లేరు. మునికృష్ణ గీతను చూశాడు. మేనేజరు కూర్చున్న వైపు చూశాడు. ఫైనల్లో గెలుపు గోలు కొట్టినవాడు వచ్చే సీజన్‌కు ఎక్కడ ఉంటాడో అతడికి తెలుసు.

"నాదే సార్," అన్నాడు.

రిఫరీ రాసుకున్నాడు. వెంటనే ఆట ముగిసిన ఈల కూడా మోగింది. జనం లోపలికి దూకి మునికృష్ణను భుజాలమీదికి ఎత్తుకున్నారు. పరుగెత్తేవారిలో ఇద్దరు ఏకాంబరాన్ని దాటడానికి ఎగిరి దూకారు.

మోసుకుపోవడానికి మంచం గానీ బల్ల గానీ లేదు. ఆ సంగతి కూడా కుప్పయ్యకే తట్టింది. తన కుర్చీ తెప్పించి, ఏకాంబరాన్ని అందులో కూర్చోబెట్టించి, నలుగురిచేత ఎత్తించాడు. పలక కిందుగా, మైదానం అంచువెంట, ఏకాంబరం ఆ టేకు కుర్చీలో ఊరేగినట్టు పోయాడు. జనం దారి ఇచ్చి చప్పట్లు కొట్టారు. కుప్పయ్య కుర్చీ చెయ్యి పట్టుకుని పక్కనే నడిచాడు.

"కూర్చోప్పా బాగా. దీనికోసరమే గదా."

ఏకాంబరం అతడి వైపు తల తిప్పాడు. "ముడేసేటప్పుడే తెలిసిందా నీకు?"

"పుత్తూరోణ్ణి. నాకు తెలీకుంటే ఎవురికి తెలుస్తాది?"

"తెలిస్తే రిఫరీకి చెప్పి దింపించొచ్చు గదన్నా. కాలన్నా మిగిలేది."

"దింపిస్తే ఎముక అతుక్కుంటాది. వచ్చే ఏడు మళ్ళా వస్తావు," అన్నాడు కుప్పయ్య, ఎక్కడా కోపం లేకుండా. "ఏడాది పొడుగూతా నేను నిద్రపోకుండా కూర్చోవాల."

"వచ్చే ఏడు నాకు లేదు. గోలు లేకుంటే తీసుకోనని మేనేజరు ఎప్పుడో చెప్పేసినాడు."

కుప్పయ్య నడక ఆపి, మళ్ళీ అందుకున్నాడు.

"అట్లనా," అన్నాడు. "ఆ మాట ముడేసేటప్పుడు చెప్పకపోతివే. ఈ పాటు పడకపోదుము గదా, ఇద్దరం."

గేటు దగ్గర మిల్లు లారీ సిద్ధంగా ఉంది. మేనేజరు షీల్డును ముందుసీటులో పెట్టించి, కుర్చీ వైపు తిరిగాడు. కాలువంక చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"కట్టుతో ఆడినావా? నన్నే మోసం చేసినావు గదయ్యా. పుత్తూరులో దింపేసి పోతాం, దారి చుట్టయినా పర్వాలేదు. రేయ్, ఎవరక్కడ? ఆ జెర్సీ ఇప్పించి తీసుకోండి. మిల్లు సొత్తు. రక్తం అయితే ఉతకడం కష్టం."

జెర్సీ తలమీదుగా లాగారు. గుండుకు పట్టుకుంటే ఇంకొకసారి లాగారు. బనియనుతో ఏకాంబరాన్ని లారీలోకి ఎత్తి, గోనెసంచుల మీద పడుకోబెట్టారు. మునికృష్ణ ఇంకా జనం భుజాల మీదనే ఉన్నాడు; అతడు వచ్చేదాకా లారీ కదలదన్నారు. ఏకాంబరం ఆకాశాన్ని చూస్తూ ఎదురుచూశాడు.

కుప్పయ్య కుర్చీని వెనక్కి మోయించుకుని, దాని చోట దాన్ని వేయించాడు. కూర్చోబోయి ఆగి, ముక్కు ముడుచుకున్నాడు.

"తుడవండప్పా బాగా. కంపు."

ఎవరో తడిగుడ్డతో తుడిచారు. అతడు కూర్చున్నాడు. టేకు చెక్క ఇంకా వెచ్చగానే ఉంది. మైదానం మధ్యలో భుజాలమీద ఎగురుతున్న మునికృష్ణ కాళ్ళు రెండూ, దుమ్ములో, ఎండలో, అందరి తలలకూ పైన స్పష్టంగా కనిపిస్తున్నాయి. కుప్పయ్య వాటివైపే చాలాసేపు చూశాడు.

"ఆ పిల్లోడివి ఎన్నయినాయప్పా ఇప్పటికి?" అని పక్కవాణ్ణి అడిగాడు.